పల్లెపాటకు విద్యుత్తు – జమాఖర్చుల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



గ్రంథాలయ రజతోత్సవమునందు గ్రంథములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. నేటి ప్రసంగము గ్రంథమునకెక్కని పాటను గూర్చినది. పల్లెలలో వృద్ధుల కంఠములయందు మాత్రమే నిలిచియున్న పాటలను, కథలను రికార్డరు సహాయమున పదిలపరచునపుడు ఆ యంత్రమునకు విద్యుత్తును ఎట్లు సమకూర్చవలెను? ఇంటింటను కనబడుచున్న ల్యాప్‌టాపు నుండి దానిని తీసికొనవచ్చునా? తీసికొన్నచో ఎంతవరకు, ఏ జాగ్రత్తలతో? విషయము చిన్నదిగా తోచవచ్చును. కాని కథకుడు కంఠమెత్తిన వేళ యంత్రము కన్నుమూసినచో కలుగు నష్టము చిన్నది కాదు. ఎనుబది యేండ్ల గాయకురాలు నేడు పాడిన పాటను మరల వచ్చు సంక్రాంతికి పాడునని ఎవరు చెప్పగలరు?

మాట నిలిచినది, వరుస పోయినది

ఈ నష్టము ఎట్టిదో తెలిసికొనుటకు తెలుగు వాఙ్మయ చరిత్రమునే చూడవచ్చును. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమునందు తన కాలపు జనులు పాడుకొను పదములను పేర్కొనెను. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, నివాళి పదములు, వెన్నెల పదములు – ఈ పేర్లు ఏడువందల యేండ్లకు పైగా నిలిచియున్నవి. ఆనాటి జనులు వెన్నెల పదమును ఏ వరుసలో పాడిరో, ఎచ్చట గొంతు సాగదీసిరో, ఎచ్చట చప్పట్లు చరచిరో చెప్పగలవారు లేరు. పేరు మిగిలినది; పాట జారిపోయినది.

తాళ్లపాక అన్నమాచార్యుల విషయమును అట్టిదే. ఆయన సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపరచిరి. రాగి చెదపట్టదు, తడిసి చిరుగదు. కావుననే ఆ రేకులు ఇరువదవ శతాబ్దమున మరల వెలుగు చూచి, వేలకొలది కీర్తనలను లోకమునకు అందించినవి. రేకులమీద కీర్తనకు రాగము పేరు కలదు గాని స్వరరచన లేదు. నేడు వినబడుచున్న వరుసలలో పెక్కు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు మున్నగు విద్వాంసులు తరువాతి కాలమున కూర్చినవి. అవి మధురములే. అయినను అన్నమయ్య కంఠమున పలికిన వరుసను రాగిరేకు సైతము నిలుపజాలకపోయినది.

పల్నాటి వీరుల కథను శ్రీనాథుడు ద్విపదగా వ్రాసినట్లు ప్రసిద్ధి. ఆ కథ పుస్తకమునకెక్కిన తరువాతను గాయకుల నోట పెరుగుచు, మారుచు జీవించుచునే వచ్చినది. అమెరికా దేశీయుడగు జీన్ రోఘైరు అనునాతడు పల్నాటికి వచ్చి, అలిశెట్టి గాలెయ్య అను గాయకుడు పాడిన కథను ఆధారముగా గైకొని ఆంగ్లమున అనువదించి, పరిశోధన గ్రంథముగా 1982లో ప్రకటించెను. పాడినవాని పేరు ఆ గ్రంథముతోపాటు నిలిచినది. అట్టి అదృష్టము దక్కక కనుమరుగైన గాయకులెందరో!

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలమాట. ఈ పనిలో ఆ మాటకు రెండర్థములు కలవు. కంఠదీపము వెలుగుచుండగనే పాటను పట్టవలెను. యంత్రదీపము ఆరకుండ లెక్క చూచుకొనవలెను.

యంత్రము బరువు, విద్యుత్తు బరువు

ధ్వనిని పట్టు యంత్రమును గాయకుని ముంగిటికి కొనిపోవుట 1890లో మొదలైనది. ఆ సంవత్సరమున జెస్సీ వాల్టరు ఫ్యూక్సు అను పండితుడు ఎడిసను కనిపెట్టిన ఫోనోగ్రాఫును అమెరికా ఈశాన్యమునందలి మెయిన్ రాష్ట్రమునకు కొనిపోయి, పాసమక్వాడీ తెగవారి పాటలను మైనపు గొట్టములపై ఎక్కించెను. నాటినుండి నేటివరకు ఈ పని చేసినవారందరిని వెంటాడిన ప్రశ్న ఒక్కటే: పొలిమేర దాటినచోట యంత్రమును నడిపించు శక్తి ఎక్కడిది?

1933లో జాన్ లోమాక్సు, ఆయన కుమారుడు అలన్ లోమాక్సు అమెరికా దక్షిణ రాష్ట్రములలో పాటలు సేకరింప బయలుదేరినపుడు వారి కారు వెనుక భాగమున ఎక్కించిన యంత్రసామగ్రి మూడువందల పౌనులకు పైబడిన బరువు. దానిని నడుపుటకు వలసిన బ్యాటరీలను మనుష్యులు ప్రయాసతో మోయవలసి వచ్చెడిది. తరువాత 1951లో స్విట్జర్లండునందు స్టెఫాన్ కుడెల్స్కీ అనునాతడు చేతిలో పట్టుకొనిపోదగిన టేపు యంత్రమును నిర్మించెను. దానికి పెట్టిన పేరు నాగ్రా. పోలండు భాషలో 'రికార్డు చేయును' అని అర్థము. మొదటి నాగ్రాలో టేపును త్రిప్పుటకు గడియారమునకు వలె తాళముచెవితో స్ప్రింగు చుట్టవలసి యుండెను. విద్యుత్తును పొదుపు చేయుటకై చేసిన ఉపాయమది. ఆ దశాబ్దము చివర వచ్చిన నాగ్రా యంత్రము పండ్రెండు టార్చిలైటు సెల్లులతో నడచినది.

నేటి రికార్డరు అరచేతిలో ఇముడును. బరువు తగ్గినదే గాని ప్రశ్న తీరలేదు. లోమాక్సులు బ్యాటరీలను కంటితో చూచి, భుజముతో మోసి, వాని బరువును బట్టియే వాని విలువ నెరిగిరి. నేటివారు సన్నని తీగ నొకదానిని ల్యాప్‌టాపునకు తగిలించి, అది అక్షయపాత్ర యనుకొందురు. అక్షయపాత్ర సైతము ద్రౌపది భుజించు వరకే అన్నమిడెడిదని మరువరాదు.

లెక్కకు కొలమానములు

లెక్క వేయుటకు మూడు మాటలు తెలిసిన చాలును. చెరువునందలి నీటిమట్టము ఎంత ఎత్తున ఉన్నదో, విద్యుత్తునందు వోల్టు అట్టిది. తూము గుండ ఒక క్షణమున ఎంత నీరు పారుచున్నదో, ఆంపియరు అట్టిది. దానిలో వేయవ భాగము మిల్లీ ఆంపియరు. ఈ రెంటిని హెచ్చించిన వచ్చునది వాట్టు, అనగా ఆ క్షణమున జరుగుచున్న పని. ఒక వాట్టు చొప్పున ఒక గంట వాడిన శక్తికి వాట్-గంట యని పేరు. చెరువులో మొత్తము ఎంత నీరున్నదో చెప్పునది ఈ వాట్-గంటయే. వాట్-గంటలు జమ, వాట్టును గంటలతో హెచ్చించిన ఖర్చు. పద్దు ఇంతకు మించి లేదు.

ల్యాప్‌టాపు ఇచ్చు జమ

ల్యాప్‌టాపు ప్రక్కనుండు యు.ఎస్.బి. అను రంధ్రము 1996లో ఏర్పడిన పద్ధతిని అనుసరించినది. సాధారణముగా దాని మట్టము 5 వోల్టులు. యంత్రమును తగిలించినంతనే అడిగినంత విద్యుత్తు ఇచ్చుట ఆ పద్ధతిలో లేదు. పాత తరహా రంధ్రమున మొదట 100 మిల్లీ ఆంపియర్లు మాత్రమే పుచ్చుకొన అనుమతి. యంత్రము తానెవ్వరో విన్నవించుకొని, ల్యాప్‌టాపు అంగీకరించిన పిమ్మట 500 మిల్లీ ఆంపియర్ల వరకు తీసికొనవచ్చును. 5 వోల్టులతో హెచ్చించిన అది రెండున్నర వాట్టులు. తరువాత వచ్చిన యు.ఎస్.బి. 3 రంధ్రమున 900 మిల్లీ ఆంపియర్లు, అనగా నాలుగున్నర వాట్టులు లభించును. ఇటీవలి టైప్-సి రంధ్రములలో ఒకటిన్నర ఆంపియరు, కొన్నిట మూడు ఆంపియర్లు సైతము లభించును.

ఒకే రంధ్రమునుండి నాలుగు కొమ్మలు చీల్చు హబ్బు అను సాధనము కలదు. దానికి సొంత విద్యుత్తు లేనప్పుడు అది తండ్రి ఆస్తిని నలుగురు కొడుకులకు పంచినట్లు ఆ 500 మిల్లీ ఆంపియర్లనే పంచిపెట్టును. రికార్డరును అట్టి హబ్బునకు తగిలింపక నేరుగా ల్యాప్‌టాపునకే తగిలింపవలెను.

తీగ విషయమును లెక్కలోనిదే. సన్నని, పొడవైన తీగలో దారిపొడవున మట్టము తగ్గును. సామాన్యముగా దొరకు సన్నని తీగ రెండు మీటర్ల పొడవున్నచో, పోవుట వచ్చుట కలిపి నాలుగు మీటర్లు. 500 మిల్లీ ఆంపియర్లు పారునపుడు ఆ దారిలో రమారమి నాలుగుపదుల శతాంశ వోల్టులు, అనగా 0.4 వోల్టు హరించుకొనిపోవును. బయలుదేరిన 5 వోల్టులు చేరునప్పటికి 4.6 మాత్రమే. కాలువ చివరి పొలమునకు నీరందని రైతు కష్టము రికార్డరునకును కలుగును. కావున విద్యుత్తు తీగ పొట్టిగా, లావుగా నుండవలెను. గాయకుడు దూరమున నున్నచో మైకు తీగను పెంచవలెను గాని యు.ఎస్.బి. తీగను పెంచరాదు. మూడు మొనల మైకు తీగ ఎక్కువ దూరము మోసినను ధ్వనిని చెడనీయదు.

రికార్డరు చేయు ఖర్చు

చేతి రికార్డరునకు సాధారణముగా ఒకటిన్నర మొదలు రెండున్నర వాట్టుల వరకు ఖర్చు. యంత్రముతో వచ్చిన పత్రమున ఈ సంఖ్య ఉండును. దానిని చదివి పద్దులో వ్రాసికొనుట మొదటి పని. తెర వెలుగు తగ్గించినచో కొంత ఆదా. అన్నిటికంటె పెద్ద ఖర్చు మాత్రము మైకుది.

మైకులు రెండు తెగలు. డైనమిక్ మైకు అనునది గాయకుని గాలితోనే పనిచేయును. దానికి విద్యుత్తు అక్కరలేదు. కండెన్సరు మైకు సన్నని ధ్వనులను సైతము పట్టును గాని దానికి వెలుపలినుండి విద్యుత్తు కావలెను. ఈ విద్యుత్తు మైకు తీగలోనే ధ్వనితోపాటు కనబడకుండ ప్రయాణించుటచే దీనికి ఫాంటమ్ పవర్ అని పేరు. దీని మట్టము 48 వోల్టులు. ఆ సంఖ్య వెనుక ఒక ముచ్చట కలదు. 1966లో నార్వే దేశపు రేడియోవారికి జర్మనీలోని నోయ్‌మాన్ సంస్థవారు మైకులు తయారుచేసి యిచ్చిరి. చలికాలమున నార్వేలో పగటివేళ సైతము చీకటి. కావున ఆ రేడియో భవనములలో అత్యవసర దీపములకై 48 వోల్టుల విద్యుత్తు అప్పటికే సిద్ధముగా నుండెను. మైకులకును దానినే వాడుకొనిరి. ఉత్తరధ్రువ ప్రాంతపు దీపపు వోల్టులే నేడు తెలుగు పల్లెలో బుర్రకథ మైకునకు పోషణ.

ఒక కండెన్సరు మైకు ఈ పద్ధతిలో గరిష్ఠముగా 10 మిల్లీ ఆంపియర్లు తీసికొనవచ్చును. 48తో హెచ్చించిన దాదాపు అర వాట్టు. రెండు మైకులకు ఒక వాట్టు. 5 వోల్టులను 48 వోల్టులకు ఎక్కించుటలో కొంత వృథాయగును గాన లోపలి ఖర్చు ఇంకను పెరుగును. రెండున్నర వాట్టుల రంధ్రమునుండి సగభాగము మైకులకే పోవుననుట అతిశయోక్తి కాదు. కథకుడు గట్టిగా పాడు చోట, గుమ్మెట, డప్పు మ్రోగు చోట డైనమిక్ మైకు చాలును. జోలపాట, తిరుగటిపాట వంటి మెల్లని పాటలకే కండెన్సరు మైకు వాడవలెను. అక్కరలేనిచో ఫాంటమ్ పవర్‌ను తప్పక ఆపవలెను.

ఒక రాత్రి కథకు పద్దు

ఇక పద్దు వ్రాసి చూతము. రాత్రి తొమ్మిది గంటలకు మొదలై తెల్లవారుజామున అయిదింటికి ముగియు కథ. ఎనిమిది గంటలు. రికార్డరు ఖర్చు రెండు వాట్టులనుకొందము. ఎనిమిది రెండ్లు పదునారు వాట్-గంటలు.

మొదటి జమ ల్యాప్‌టాపు. దాని బ్యాటరీలో 50 వాట్-గంటలున్నవనుకొందము. పదునారు ఖర్చునకు ఏబది జమ యున్నదిగదా, చింత యేమి యని తోచును. ఇక్కడనే లెక్క తప్పుచున్నది. ల్యాప్‌టాపు మేలుకొని యున్నచో, ఏ పనియు చేయకున్నను, తన పోషణకే గంటకు ఎనిమిది వాట్-గంటలు తినవచ్చును. రికార్డరునకిచ్చు రెండు, ఇచ్చుటలో పోవు వృథా మరి కొంచెము. వెరసి గంటకు పదికి పైమాటే. ఏబదిని దానితో భాగించిన అయిదు గంటలు నిండవు. రాత్రి రెండు గంటలకు, కథ పట్టుమీద నున్న వేళకు, జమ సున్న. పాత ల్యాప్‌టాపైనచో బ్యాటరీ కృశించి యుండును గనుక ఇంకను ముందుగనే. రూపాయి ఖర్చులో పాటకు చేరునది ఇరువది పైసలు. తక్కిన ఎనుబది పైసలు మోతకూలి.

రెండవ జమ పవర్ బ్యాంకు. పదివేల మిల్లీ ఆంపియరు-గంటలని దానిపై వ్రాసియుండును. ఆ సంఖ్య లోపలి సెల్లు మట్టమునకు, అనగా 3.7 వోల్టులకు సంబంధించినది. హెచ్చించిన 37 వాట్-గంటలు. దానిని 5 వోల్టులకు మార్చుటలో అయిదవ వంతు పోయినదనుకొన్నను ఇంచుమించు ముప్పది మిగులును. ఖర్చు పదునారు, నిలువ పదునాలుగు. తెల్లవారినను కథ సాగినచో భయము లేదు. ల్యాప్‌టాపు కంటె చిన్నదై, చవుకయై, పవర్ బ్యాంకు ఈ పనికి మేలైనదగుచున్నది. దానికొక గుణము కలదు: అతి స్వల్పముగా తీసికొను యంత్రము తగిలించినచో, పని ముగిసినదని భ్రమించి కొన్ని పవర్ బ్యాంకులు తమంతట తామే ఆగిపోవును. కావున బయలుదేరక ముందు ఇంటివద్ద ఒక గంటసేపు నడిపి చూడవలెను.

మూడవ జమ రికార్డరులోని సెల్లులు. మరల ఛార్జి చేయదగిన పెన్సిలు సెల్లు ఒక్కటి 1.2 వోల్టులు, 2000 మిల్లీ ఆంపియరు-గంటలు, అనగా 2.4 వాట్-గంటలు. నాలుగు కలిపి 9.6. కాగితముమీద అయిదు గంటలకు కొంచెము తక్కువ. ఆచరణలో నాలుగు గంటలు. ఒక రాత్రికి చాలవు. కాని వీనికి మరియొక ప్రయోజనము కలదు. తీగ ఊడినను, పవర్ బ్యాంకు ఆగినను, అనేక రికార్డర్లు క్షణమైన ఆగక సెల్లులమీదికి మారును. కావున వెలుపలి విద్యుత్తు ఎంత యున్నను, లోపల నిండు సెల్లులుండవలెను. ఇవి ఆపద్ధనము. తమ యంత్రము ఇట్లు మారునో లేదో తీగ ఊడదీసి ముందుగనే పరీక్షించుకొనవలెను.

అయినచో ల్యాప్‌టాపు అక్కరలేదా యని ప్రశ్న. మైకులను ల్యాప్‌టాపునకే కలుపు ఆడియో ఇంటర్‌ఫేస్ అను సాధనమును వాడువారు కలరు. చాల ఇంటర్‌ఫేసులకు సొంత బ్యాటరీ యుండదు. ధ్వనిని వ్రాయునది, విద్యుత్తు నిచ్చునది రెండును ల్యాప్‌టాపే. అట్టివారు ల్యాప్‌టాపు గంటల లెక్కకు లోబడియే కార్యక్రమమును నిర్ణయించుకొనవలెను. అరగంట పాటలకు ఆ పద్ధతి చక్కనిది. రాత్రంతయు సాగు కథకు పనికిరాదు. చేతి రికార్డరున్నవారికి ల్యాప్‌టాపు మరునాటి ఉదయపు సహాయకుడు: పాటలను ప్రతి తీసి భద్రపరచుటకు, ఖాళీయైన రికార్డరును నింపుటకు.

హోరు ఎచ్చటినుండి వచ్చును?

గంటలు సరిపోయినంత మాత్రమున పని పూర్తికాదు. ల్యాప్‌టాపు నుండి విద్యుత్తుతోపాటు పిలువని చుట్టముగా హోరు వచ్చుచుండును. భారతదేశమున గోడ కరెంటు సెకనునకు ఏబదిసార్లు ఊగును. ల్యాప్‌టాపు ఛార్జరు గోడకు తగిలియున్నపుడు ఆ ఊపు, ఛార్జరులోని మీటల సద్దు, సన్నని దారులగుండ రికార్డరును చేరి, పాట వెనుక తుమ్మెద మ్రోత వలె నిలుచును. తుమ్మెద పదమును రికార్డు చేయబోయి తుమ్మెదనే రికార్డు చేసినట్లగును. మొదటి మందు సులభము: రికార్డు చేయునంతసేపు ఛార్జరును గోడనుండి తీసివేసి, ల్యాప్‌టాపును దాని బ్యాటరీమీదనే నడుపవలెను.

ఉత్సవములలో మరియొక చిక్కు. మైకుసెట్టువాని యంప్లిఫయరు నుండి తీగ తీసి రికార్డరునకు కలిపినపుడు, యంప్లిఫయరు ఒక దారిని, ల్యాప్‌టాపు ఛార్జరు మరియొక దారిని భూమిని చేరి, నడుమ ఒక వలయము ఏర్పడును. దానిగుండ హోరు ప్రవహించును. అప్పుడు రికార్డరును పవర్ బ్యాంకుమీద గాని సెల్లులమీద గాని నడిపినచో వలయము తెగును. కొందరు హోరు పోవుటకై మూడు మొనల ప్లగ్గులో ఎర్తు మొనను విరుగగొట్టుదురు. అది ప్రాణాపాయము, ఎన్నటికిని చేయరాదు. పాట కొరకు పాటగాని ప్రాణము తీయు యంత్రము ఎందులకు?

ఛార్జరు తీసివేసినను కొన్ని ల్యాప్‌టాపులలో సన్నని కీచుధ్వని మిగులును. అది దాని లోపలి పనుల అలికిడి. దానికిని పవర్ బ్యాంకే విరుగుడు. ల్యాప్‌టాపు ఫ్యాను శబ్దమును మైకు పట్టును గాన దానిని ఎడముగా ఉంచవలెను. ఏ యేర్పాటు చేసినను, పాట మొదలిడుటకు ముందు ఒక నిమిషము నిశ్శబ్దమును రికార్డు చేసి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని వినవలెను. చెవికి మించిన పరీక్షకుడు లేడు.

నిద్ర, మూత, ప్రశ్న

ల్యాప్‌టాపునకు నిద్ర యను స్వభావము కలదు. కొంతసేపు తాకకున్నచో పొదుపునకై కన్నుమూయును. మూత మూసినను అంతే. చాల ల్యాప్‌టాపులలో దానితోపాటు రంధ్రములకు విద్యుత్తు నిలుచును. విద్యుత్తు పొదుపు అమరికలోనికి పోయి నిద్రను, యు.ఎస్.బి. పొదుపును ఆపివేయవలెను. కొన్నిట ఒక రంధ్రముప్రక్క మెరుపు గుర్తు గాని బ్యాటరీ గుర్తు గాని యుండును; ల్యాప్‌టాపు నిద్రించినను ఆ రంధ్రము విద్యుత్తు నిచ్చునట్లు అమర్చవచ్చును.

రికార్డరు వైపునను ఒక ప్రమాదము. ల్యాప్‌టాపు తీగ తగిలినంతనే కొన్ని రికార్డర్లు, లోపలి పాటలను ల్యాప్‌టాపు అడుగుచున్నదని భావించి, రికార్డు చేయుట మాని, పెట్టె తెరచి చూపుటకు సిద్ధపడును. తెరపై ప్రశ్న వచ్చినపుడు విద్యుత్తు మాత్రమే కావలెనని ఎన్నుకొనవలెను. కావున తీగలన్నియు పాటకు ముందే తగిలించి, పాట ముగియువరకు వానిని ముట్టరాదు.

నడుమ విద్యుత్తు తెగినచో ఏమగును? ధ్వనిపత్రము మొదట దాని పొడవు వ్రాసియుండు శీర్షిక యుండును. అనేక యంత్రములు రికార్డు ముగించు మీట నొక్కిన పిమ్మట ఆ పొడవును పూర్తిచేయును. నడుమ ఆగినచో కాగితములన్నియు ఉండియు మొదటి పుట లేని దస్తావేజు వలె ఆ పత్రము తెరువబడక పోవచ్చును. తెలిసినవారు బాగుచేయగలరు గాని అన్నివేళల సాధ్యపడదు. కథకుడు తాంబూలము వేసికొను ప్రతి విరామమునందును రికార్డును ఆపి, క్రొత్త పత్రము మొదలిడుట మేలు. ఒకటి చెడినను తక్కినవి దక్కును.

గ్రంథాలయము చేయదగినది

1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము సంఘరూపము దాల్చిన నాటినుండి పుస్తకము పాఠకుని వెదకికొని పోవలెననుట ఆ ఉద్యమపు వ్రతము. పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణా డెల్టా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించి పుస్తకములను పల్లెల రేవులకు చేర్చిరి. నేడు పుస్తకమే కాక యంత్రమును గాయకుని ముంగిటికి పోవలెను. పడవకు తెడ్డువలె ఆ యంత్రమునకు విద్యుత్తు.

ఇందులకు గ్రంథాలయమునకు కావలసినవి స్వల్పము: ఒక రికార్డరు, ఒక డైనమిక్ మైకు, రెండు పవర్ బ్యాంకులు, పొట్టితీగలు రెండు, ఎనిమిది సెల్లులు, వానిని నింపు ఛార్జరు, ఒక హెడ్‌ఫోను. వీనితోపాటు ఒక పద్దుపుస్తకము. అందు తేది, ఊరు, పాడినవారి పేరు, పాటపేరు, ఏ విద్యుత్తుపై ఎన్ని గంటలు నడచినది, తిరిగి వచ్చునప్పటికి ఎంత నిలువ – ఇవి వ్రాయవలెను. పది కార్యక్రమములు ముగియునప్పటికి ఆ పుస్తకమే గురువగును. ఏ యంత్రమునకు ఎంత ఆకలియో అది చెప్పును. పాడువారి అనుమతి ముందుగా గైకొని, పాడిన పాట ప్రతిని వారింటికి చేర్చుట ధర్మము. పాట వారిది, గ్రంథాలయము ధర్మకర్త మాత్రమే.

పాటను ఒక్కచోటనే దాచినచో దాచనట్లే. మరునాటి ఉదయము ల్యాప్‌టాపులో ఒక ప్రతి, వేరొక యింట వేరొక డిస్కులో ఇంకొక ప్రతి ఉంచిన పిమ్మటనే రికార్డరులోని ప్రతిని తుడుపవలెను.

పాల్కురికి సోమనాథుని చేతిలో గంటము మాత్రమే యుండెను. అయినను ఆయన పదముల పేర్లను వదలలేదు. తాళ్లపాకవారికి రాగిరేకు లభించెను. వారు మాటలను కాపాడిరి. నేటి గ్రామస్థుని చేతికి కంఠధ్వనినే కాపాడు సాధనము వచ్చినది. దానికి కావలసినది రాత్రికి పదునారు వాట్-గంటలు. ఒక విద్యుద్దీపము కొన్ని గంటలలో వాడుకొనునంత. ఇంత స్వల్పమైన జమను ముందుగా చూచుకొనక, ఆ పాటను పోగొట్టుకొన్నచో ఆ లోటు ఏ పద్దునను పూడదు. వచ్చు రజతోత్సవము నాటికి, స్వర్ణోత్సవము నాటికి, ఈ గ్రంథాలయపు అరలలో పుస్తకములతోపాటు ఈ ఊరి అవ్వల, తాతల కంఠములు సైతము వరుసగా నిలిచి, అడిగినవారికి వినిపించుగాక.

స్వస్తి.